వంటగట్టు మీద పంచభుజులు

గణిత పండితులు 'ఇక అయిపోయింది' అనుకున్న ఓ లెక్కను ఒక గృహిణి మళ్లీ తెరిచింది. ఆమె చదువు హైస్కూలుతో సరి. ఆమె ప్రయోగశాల వంటిల్లు. ఆమె వెతికింది... ఐదు భుజాల ఓ పలక!

ఓసారి కాళ్ల కిందికి చూడండి. హాల్లో పరిచిన టైల్స్‌ చతురస్రాలు. బాత్రూమ్‌ గోడకు అతికించినవి దీర్ఘచతురస్రాలు. కొన్ని ఊళ్లలో ఫుట్‌పాత్‌ల మీద ఆరు మూలల సిమెంటు దిమ్మెలు కనిపిస్తాయి. తేనెపట్టులో గదులకూ ఆరే గోడలు.

నాలుగుంది, ఆరుంది. మరి మధ్యలో ఐదు ఏమైనట్టు?

అలాగని ఐదు కనిపించని సంఖ్యేమీ కాదు. బెండకాయను అడ్డంగా కోస్తే చాలావాటిలో ఐదు మూలల ముక్కే వస్తుంది. పెరట్లో ముద్దమందారం కాకుండా ఒంటిరేక మందారం ఉంటే లెక్కపెట్టండి... ఐదు రేకలు! ప్రకృతికి ఐదంటే ఇంత ఇష్టమైనా, ఐదు భుజాలూ, ఐదు కోణాలూ సమానంగా ఉన్న టైల్స్‌తో పరిచిన ఇల్లు మాత్రం ఎక్కడా కనిపించదు.

ఎందుకంటే... ఎంత పనితనమున్న మేస్త్రీ అయినా వాటిని సందు లేకుండా పరవలేడు కాబట్టి. అది మేస్త్రీ తప్పు కాదు. లెక్క తప్పనివ్వదు.

ఆ లెక్క వెనక దాదాపు వందేళ్ల కథ ఉంది. అందులో పెద్ద పెద్ద ప్రొఫెసర్లున్నారు. వాళ్లకంటే ముందు గుర్తుంచుకోవాల్సిన ఓ అమ్మ కూడా ఉంది.

మూడే మూడు!

ఆ కథలోకి వెళ్లేముందు చిన్న బడి పాఠం. భుజాలన్నీ సమానంగా, కోణాలన్నీ సమానంగా ఉంటే అది క్రమ బహుభుజి. రెండింట్లో ఏది తేడా వచ్చినా అక్రమ బహుభుజి. పేరులో 'అక్రమ' అని ఉందని కంగారుపడక్కర్లేదు. అది చేసే నేరమేమీ లేదు, కాస్త వంకరగా ఉంటుందంతే.

ఏ బహుభుజి అయినా ఒక మూల నుంచి మిగతా మూలలకు గీతలు గీస్తే అది త్రిభుజాలుగా విడిపోతుంది. నాలుగు భుజాలుంటే రెండు త్రిభుజాలు, ఐదుంటే మూడు, ఆరుంటే నాలుగు. ఒక్కో త్రిభుజంలో కోణాల మొత్తం 180 డిగ్రీలు. కాబట్టి పంచభుజిలో ఐదు కోణాలూ కలిపితే 540. క్రమ పంచభుజి అయితే దాన్ని ఐదుగురికీ సమానంగా పంచాలి... తలా 108.

ఇక నేల సంగతి. టైల్స్‌ మూలలు కలిసే చోట వేలు పెట్టండి. ఆ బిందువు చుట్టూ ఉన్న కోణాలన్నీ కలిపితే కచ్చితంగా 360 డిగ్రీలు రావాలి. తక్కువైతే సందు పడుతుంది. ఎక్కువైతే ఒకదాని మీదికి మరొకటి ఎక్కుతుంది.

సమబాహు త్రిభుజం కోణం 60. ఆరు చేరితే 360. సరిపోయింది. చతురస్రం కోణం 90. నాలుగు చేరితే 360. సరిపోయింది. షడ్భుజి కోణం 120. మూడు చాలు. పంచభుజి దగ్గరే పేచీ. మూడు చేర్చితే 324... ఇంకా 36 డిగ్రీల సందు మిగిలింది. పోనీ నాలుగోది దూర్చుదామా అంటే 432 అయి కూర్చుంది!

ఏడు భుజాలకో? ఒక్కో కోణం 128 డిగ్రీలు దాటుతుంది. రెండు పెడితే చాలవు, మూడు పెడితే ఎక్కువ. ఎనిమిది, తొమ్మిది, పది... ఎంత పైకి వెళ్లినా ఇదే తంతు. అంటే ఒకే రకం క్రమ బహుభుజితో, మూలకు మూల కలుపుతూ నేలంతా నింపాలంటే ఉన్నవి మూడే దారులు... త్రిభుజం, చతురస్రం, షడ్భుజి. ఇది ప్రాచీన గ్రీకులకే తెలుసు. ఈ మూడింటిలో షడ్భుజినే ఎంచుకున్న తేనెటీగల తెలివిని క్రీస్తుశకం నాలుగో శతాబ్దంలోనే అలెగ్జాండ్రియాకు చెందిన పాపస్‌ మెచ్చుకున్నాడు. సమాన వైశాల్యమున్న గదులుగా విభజించేటప్పుడు అతి తక్కువ గోడతో పని జరిగేది షడ్భుజులతోనేనని పూర్తిగా నిరూపించడానికి మాత్రం 1999 దాకా ఆగాల్సి వచ్చింది. ఆ పని చేసినాయన థామస్‌ హేల్స్‌ అనే అమెరికా గణితవేత్త.

వంకరగా ఉంటేనే వీలు

క్రమంగా ఉన్నవాటి కథ మూడింటితో ముగిసింది. అసలు తమాషా అక్రమంగా ఉన్నవాటితోనే.

ఓ పాత శుభలేఖ అట్ట తీసుకోండి. ఇష్టం వచ్చినట్టు నాలుగు భుజాల ముక్క ఒకటి కత్తిరించండి. ఏ రెండు భుజాలూ సమానం కాకపోయినా ఫర్వాలేదు. దాన్ని కాగితం మీద పెట్టి చుట్టూ గీత గీయండి. ఇప్పుడు ఒక భుజం మధ్యబిందువు దగ్గర సూది గుచ్చినట్టు ఊహించుకుని, ముక్కను సగం చుట్టు తిప్పి మళ్లీ గీయండి. అలా ప్రతి భుజం దగ్గరా చేస్తూ పోండి. కాగితం మొత్తం ఎక్కడా సందు లేకుండా నిండిపోతుంది! నాలుగు కోణాల మొత్తం ఎలాగూ 360 కదా... ప్రతి మూల దగ్గరా ఆ నాలుగూ వచ్చి చేరతాయి. రహస్యం అంతే. త్రిభుజమైతే ఇంకా తేలిక. రెండు త్రిభుజాలు తలకిందులుగా అతికిస్తే సమాంతర చతుర్భుజం వచ్చేస్తుంది.

అంటే ఎంత వంకర త్రిభుజమైనా, ఎంత సొట్ట చతుర్భుజమైనా నేలను నింపుతుంది. మరి పంచభుజి?

చిన్నపిల్లలు గీసే ఇల్లు బొమ్మ గుర్తుందా? కింద చదరం గోడ, పైన వాలు కప్పు. దానికి ఐదు భుజాలే. అలాంటి ఇళ్లను పక్కపక్కనే వరసగా నిలబెడితే కప్పుల మధ్య లోయలు ఏర్పడతాయి. ఆ లోయల్లోకి మరో వరస ఇళ్లను తలకిందులుగా దించితే... అచ్చంగా అతుక్కుపోతాయి. క్రమ పంచభుజి చేయలేని పనిని ఈ బొమ్మరిల్లు చేసేసింది!

కాబట్టి ప్రశ్న మారింది. పంచభుజి నేలను నింపుతుందా అని కాదు... ఎలాంటి పంచభుజులు నింపుతాయి? అలాంటివి మొత్తం ఎన్ని రకాలు?

(ఇక్కడ అనుకుంటున్నవన్నీ మూలలు బయటికే పొడుచుకొచ్చిన ఆకారాలు. లోపలికి నొక్కుకుపోయిన మూలలుండేవాటి సంగతి చివర్లో.)

సందులోంచి బంతి!

మూడు క్రమ పంచభుజుల మధ్య మిగిలిన ఆ 36 డిగ్రీల సందు వృథా కాదు. అట్టతో మూడు పంచభుజులు చేసి, ఆ సందును దగ్గరికి లాగి అంటించండి. నేలమీద పరుచుకోవాల్సిన అట్ట గిన్నెలా పైకి లేస్తుంది. అలా పన్నెండు పంచభుజులు అతికిస్తే మూసుకుపోయి బంతిలాంటి డబ్బా తయారవుతుంది. 1970 ప్రపంచకప్‌ పోటీల్లో ఆడిన నలుపు తెలుపు ఫుట్‌బాల్‌లో 20 తెల్ల షడ్భుజులుంటే, 12 నల్ల పంచభుజులున్నాయి. షడ్భుజులు మాత్రమే ఉంటే అది చాపలా పరుచుకునేదే తప్ప బంతి అయ్యేది కాదు. నేలకు పనికిరాని పంచభుజి బంతిని వంచి నిలబెట్టింది!

'జాబితా పూర్తి' అన్నారు

పంచభుజుల ప్రశ్నను మొదట గట్టిగా పట్టుకున్నవాడు కార్ల్‌ రైన్‌హార్ట్‌ అనే జర్మన్‌. 1918లో డాక్టరేట్‌ కోసం రాసిన సిద్ధాంత వ్యాసంలో నేలను నింపే పంచభుజుల రకాలు ఐదు చూపించాడు. ఒక్కో రకం అంటే ఒక్క ఆకారం కాదు, ఒకే నియమానికి లోబడే ఆకారాల కుటుంబం. రెండు భుజాలు సమాంతరంగా ఉండే బొమ్మరిల్లు అలాంటి ఒక కుటుంబంలోదే. షడ్భుజుల లెక్కనూ ఆయన తేల్చేశాడు. వాటిలో మూడే కుటుంబాలు. ఇక ఏడు, అంతకంటే ఎక్కువ భుజాలుంటే, మూలలు బయటికే ఉన్నంతవరకూ ఎలాంటి వంకర ఆకారమైనా నేలను నింపలేదు.

అంటే మూడు, నాలుగు భుజాలవి అన్నీ పనికొస్తాయి. ఏడు దాటినవి ఏవీ పనికిరావు. ఆరు లెక్క తేలింది. తేలనిది ఐదొక్కటే!

యాభై ఏళ్లు గడిచాయి. 1968లో అమెరికాలోని జాన్స్‌ హాప్కిన్స్‌ విశ్వవిద్యాలయ పరిశోధనశాలలో పనిచేసే రిచర్డ్‌ కెర్ష్‌నర్‌ మరో మూడు రకాలు కనిపెట్టాడు. మొత్తం ఎనిమిది. ఇంతటితో జాబితా పూర్తయిందని ప్రకటించాడు. నిరూపణ మరీ పెద్దదని అచ్చు వేయలేదు. పెద్దాయన చెప్పాడు కదా అని అందరూ నమ్మారు.

1975 జులైలో 'సైంటిఫిక్‌ అమెరికన్‌' పత్రికలో మార్టిన్‌ గార్డ్‌నర్‌ ఈ సంగతిని రాశాడు. గణితంలో సరదాలను సామాన్యులకు పరిచయం చేసే ఆయన శీర్షికకు అప్పట్లో అభిమానులు ఎక్కువ. వాళ్లలో కాలిఫోర్నియాకు చెందిన కంప్యూటర్‌ ప్రోగ్రామర్‌ రిచర్డ్‌ జేమ్స్‌ ఒకడు. జాబితా చూడకుండా తనే ప్రయత్నిద్దామనుకున్నాడు. అష్టభుజులు, చతురస్రాలు కలిపి పరిచే పాతకాలపు టైల్స్‌ నమూనా గుర్తొచ్చింది. అష్టభుజుల్ని ముక్కలు చేసి చూస్తే పంచభుజి ఒకటి దొరికింది. తీరా పోల్చి చూస్తే అది జాబితాలో లేదు!

ఎనిమిది తొమ్మిదైంది. అంతకంటే ముఖ్యంగా... పూర్తయిందన్న జాబితా పూర్తి కాలేదని తేలిపోయింది. ఆ ఏడాది డిసెంబరు సంచికలో గార్డ్‌నర్‌ ఆ వార్త రాశాడు.

పిల్లలు బడికెళ్లాక...

కాలిఫోర్నియాలోనే శాన్‌డియాగోలో ఉండేది మార్జరీ రైస్‌. ఐదుగురు పిల్లల తల్లి. వయసు యాభై దాటింది. హైస్కూల్లో ఒక ఏడాది చదివిన సాధారణ గణితమే ఆమెకు తెలిసిన లెక్కలు. కొడుకు కోసం చందా కట్టిన 'సైంటిఫిక్‌ అమెరికన్‌' ఇంటికొచ్చేది. పిల్లలు బడి నుంచి వచ్చేలోపు ముందుగా తిరగేసేది మాత్రం అమ్మే. గార్డ్‌నర్‌ శీర్షిక అంటే ఆమెకు ప్రాణం.

పంచభుజుల కొత్త సంగతి చదివాక ఆమెకు ఓ ఆలోచన... ఇంకా ఉన్నాయేమో, తనూ వెతికితే? క్రిస్మస్‌ రోజులు. ఇంటినిండా పని. ఆ సందడి మధ్యే దొరికిన కాగితం మీద బొమ్మలు గీయడం మొదలుపెట్టింది. ఇంట్లో ఎవరూ లేనప్పుడు వంటగట్టే ఆమె బల్ల. ఎవరైనా వస్తున్న అలికిడైతే కాగితాల మీద ఏదో ఒకటి కప్పేసేది. ఏం చేస్తున్నావని అడిగితే చెప్పడానికి మొహమాటం. పిల్లలకు చాలాకాలం దాకా అసలు విషయమే తెలియదు.

ఆమెకు బీజగణితం భాష రాదు. కోణాలకు, భుజాలకు పండితులు వాడే గుర్తులు తెలియవు. అందుకని తన గుర్తులు తనే తయారుచేసుకుంది. ఐదు మూలల చిన్న బొమ్మ గీసి, ఏ కోణాలు కలిస్తే 360 అవుతాయో, ఏ భుజం ఏ భుజానికి సమానమో తనకు మాత్రమే తెలిసే గీతలతో రాసుకునేది. ఏయే విధాలుగా మూలలు కలవగలవో ఒక్కోటీ వరసగా పరీక్షించేది. కుదరనిదాన్ని కొట్టేసి తర్వాతిదానికి వెళ్లేది. ఇంటిల్లిపాది చీరలు, చొక్కాలు మడతపెట్టే ఇల్లాలి ఓపికలాంటిదే అదీ.

1976 ఫిబ్రవరిలో ఒకటి కుదిరింది. జాబితాలోని తొమ్మిదింటిలో ఏదీ కాదు. ధైర్యం చేసి గార్డ్‌నర్‌కు ఉత్తరం రాసింది.

ఆయన దాన్ని పెన్సిల్వేనియాలోని మొరేవియన్‌ కళాశాల గణిత ఆచార్యురాలు డోరిస్‌ షాట్‌ష్నైడర్‌కు పంపాడు. ఆ వింత గుర్తులు మొదట ఆమెకూ అంతుపట్టలేదు. ఓపిగ్గా విప్పి చూసుకుంటే... రైస్‌ లెక్కలో తప్పు లేదు. పదో రకం దొరికింది!

అక్కడితో ఆగితే అదృష్టం అనుకోవచ్చు. రైస్‌ ఆగలేదు. 1977 డిసెంబరు నాటికి మరో మూడు రకాలు పట్టుకుంది. మొత్తం నాలుగు. అప్పటికి ప్రపంచానికి తెలిసిన పదమూడు రకాల్లో డాక్టరేట్‌ ఉన్న రైన్‌హార్ట్‌వి ఐదు. ఆయన తర్వాత అత్యధికం హైస్కూలు చదివిన రైస్‌వే! ఆ నమూనాల మీద ఆమె తేనెటీగలు, చేపలు, పువ్వుల బొమ్మలు కూడా గీసింది. పంచభుజి గీతలు చెరిపేస్తే అక్కడ ఒకదాన్నొకటి హత్తుకున్న పూలే కనిపిస్తాయి. మన ముగ్గుల్లో చుక్కలు మాయమై పద్మాలు మిగిలినట్టు!

షాట్‌ష్నైడర్‌ ఈ ఆవిష్కరణలను గణిత పత్రికల్లో రాసి, ఎవరి పేరు ఎవరికి దక్కాలో దక్కేలా చూసింది. 1995లో లాస్‌ఏంజెలిస్‌లో గణితవేత్తల సమావేశంలో ఆమె ఉపన్యాసానికి రైస్‌ దంపతులు వచ్చారు. మాట్లాడమంటే రైస్‌ ఒప్పుకోలేదు. లేచి నిలబడితే చాలన్నారు. నిలబడింది. హాలంతా చప్పట్లు!

1999లో మరో గౌరవం. వాషింగ్టన్‌లో మ్యాథమెటికల్‌ అసోసియేషన్‌ ఆఫ్‌ అమెరికా ప్రధాన కార్యాలయం ముందుగదిలో నేలకు రైస్‌ కనిపెట్టిన నమూనాతోనే టైల్స్‌ పరిచారు. వంటింట్లో కాగితాల కింద దాచుకున్న బొమ్మ గణితవేత్తల గుమ్మంలో నిలిచింది.

పదిహేను... అంతే!

1985లో జర్మనీకి చెందిన రోల్ఫ్‌ స్టైన్‌ పద్నాలుగోది పట్టుకున్నాడు. ఆ తర్వాత ముప్ఫై ఏళ్లు నిశ్శబ్దం. 2015లో వాషింగ్టన్‌ విశ్వవిద్యాలయం బోతెల్‌ ప్రాంగణంలోని కేసీ మాన్‌, జెనిఫర్‌ మెక్‌లౌడ్‌ మాన్‌ దంపతులు, డేవిడ్‌ వాన్‌ డెరౌ కలిసి కంప్యూటర్‌తో జల్లెడ పట్టించి పదిహేనోది బయటికి తీశారు.

ఇంకా ఉన్నాయా? ఈసారి జవాబు ఫ్రాన్స్‌ నుంచి వచ్చింది. లియాన్‌లో పనిచేసే మైకేల్‌ రావ్‌ 2017లో కంప్యూటర్‌ సాయంతో అసలు మూలలు ఎన్ని విధాలుగా కలవగలవో లెక్కతేల్చాడు. 371 సందర్భాలు వచ్చాయి. ఒక్కోదాన్నీ పరీక్షిస్తే పాత పదిహేను కుటుంబాలే మళ్లీ మళ్లీ తేలాయి. కొత్తది ఒక్కటీ లేదు. 1918లో మొదలైన జాబితా తొంభై తొమ్మిదేళ్లకు నిజంగా పూర్తయింది.

ఆ వార్త ప్రపంచానికి తెలిసింది 2017 జులైలో. అదే నెల 2న, తన 94వ ఏట మార్జరీ రైస్‌ కన్నుమూసింది. చివరి రోజుల్లో మతిమరుపు వ్యాధి ఆమె జ్ఞాపకాలను తుడిచేసింది. వెతకాల్సినవి ఇంకేమీ లేవన్న కబురు వినకుండానే వెళ్లిపోయింది. కానీ ఆ పదిహేనింట్లో నాలుగు ఎప్పటికీ ఆమెవే.

టోపీ దొరికింది!

పంచభుజుల కథ ముగిసినా, వంకర ఆకారాలు ఊరుకోలేదు. ఇప్పటిదాకా చెప్పుకున్న నమూనాలన్నీ గళ్ల లుంగీలాంటివి. కొంత దూరం పోయాక మళ్లీ అదే వరస. అలా ఎప్పటికీ వరస పునరావృతం కాకుండా, సందు లేకుండా నేలను నింపగలమా? 1966లో రాబర్ట్‌ బర్గర్‌ నింపవచ్చని నిరూపించాడు. కాకపోతే అందుకు 20,426 రకాల పలకలు వాడాడు! 1970ల్లో రోజర్‌ పెన్రోజ్‌ దాన్ని రెండు పలకలకు తగ్గించాడు. ఒకే ఒక్క పలకతో అవుతుందా అన్నది తేలక యాభై ఏళ్లు అలాగే ఉండిపోయింది.

2022 నవంబరులో ఇంగ్లండులోని బ్రిడ్లింగ్టన్‌ అనే సముద్రతీర పట్టణంలో డేవిడ్‌ స్మిత్‌ ఓ ఆకారం గీశాడు. ఆయన ముద్రణరంగంలో సాంకేతిక ఉద్యోగం చేసి రిటైరయ్యాడు. గణితం డిగ్రీ లేదు, ఆకారాలతో ఆడుకోవడం సరదా. కొన్ని మూలలు లోపలికి నొక్కుకుపోయిన 13 భుజాల ఆకారమది. కార్డు కాగితం మీద కత్తిరించి బల్ల మీద పేర్చుకుంటూ పోతే సందు రాదు. వరసా తిరిగి రాదు! కెనడాలోని వాటర్లూ విశ్వవిద్యాలయ ఆచార్యుడు క్రెయిగ్‌ కాప్లాన్‌కు ఈమెయిల్‌ పంపాడు. మరో ఇద్దరు నిపుణులూ చేరి నిరూపణ పూర్తిచేశారు. 2023 మార్చిలో లోకానికి చెప్పారు. టోపీలా ఉందని దానికి 'హ్యాట్‌' అని పేరు. టోపీని అక్కడక్కడా బోర్లా తిప్పి పెట్టాల్సి వస్తోందని కొందరు సణిగితే, రెండు నెలలకే ఆ అవసరం లేని మరో ఆకారాన్నీ అదే బృందం చూపించింది.

మొదట కనిపెట్టింది మళ్లీ ఓ సామాన్యుడే!

నిరూపణకు పండితులు కావాల్సిందే. షాట్‌ష్నైడర్‌ విప్పి చెప్పకపోతే రైస్‌ గీతలు డ్రాయరులోనే ఉండిపోయేవి. కానీ పండితులు 'అయిపోయింది' అన్నచోట 'ఏమో, చూద్దాం' అనుకోవడానికి డిగ్రీ అక్కర్లేదు. ఒక కాగితం, ఒక పెన్సిలు, కాస్త తీరిక... అంతకుమించి బోలెడంత ఓపిక ఉంటే చాలు.

కాబట్టి ఇంట్లో అమ్మ వంటగట్టు మీద ఏదో గీసుకుంటూ, అడుగుల చప్పుడు వినగానే కాగితం దాచేస్తే... పాల లెక్కే అనుకోకండి. ఓసారి అడిగి చూడండి!